పెదనాయన తలుపు మీద రాసుకున్న మాట

బస్సు దిగి కాలువ గట్టు ఎక్కగానే ముందు వాసన తగిలింది. నాచు, తడి ఇనుము, గ్రీజు, బురద అన్నీ కలిసిన వాసన. ఎవరో అప్పుడే తూము షట్టరు నాలుగు చుట్లు పైకి లేపినట్టున్నారు, కింద నీళ్ళు నురగలు కక్కుతూ పోతున్నాయి. బ్యాగు గట్టు మీద పెట్టి అక్కడే నిలబడిపోయాను. అది మా పెదనాయన చొక్కా వాసన. ఎన్నిసార్లు ఉడకేసి ఉతికినా పోదని పెద్దమ్మ విసుక్కునేది.

ఆయన పోయి ఏడాదయింది. మార్గశిరంలో పోయాడు. సంవత్సరీకానికని డిసెంబరు చివర్లో ఊరికి వెళ్ళాను. కార్యక్రమం అయిపోయి చుట్టాలు ఒక్కొక్కరే వెళ్ళిపోయినా, నేను జనవరి ఒకటి దాకా ఉండిపోయాను. దానికి కారణం అన్నయ్య. పెదనాయన పెద్దకొడుకు. ఇంట్లో వడ్ల గదికి ఉన్న పాత తలుపుకు చెద పట్టింది, మార్పిస్తున్నాడు. "నువ్వొకసారి చూసినాక తీపిద్దామని ఆగినా పాపా" అన్నాడు ఫోనులో. నలభై అయిదేళ్ళొచ్చినా ఆ ఇంట్లో నేను ఇంకా పాపనే.

ఆ తలుపు గురించి చెప్పాలంటే ముందు ఆయన పని గురించి చెప్పాలి.

*

మా పెదనాయన లస్కరు. కాలువ మీద తూములు ఎత్తడం, దించడం, గేజీ చూసి రాయడం, గట్టుకు గండి పడకుండా కాపలా కాయడం ఆయన ఉద్యోగం. మాది నెల్లూరు జిల్లా కోవూరు డెల్టా. పెన్న నీళ్ళు సంగం దగ్గర మళ్ళి కనిగిరి రిజర్వాయరుకు వస్తాయి. కనిగిరి పట్టణం దగ్గరిది అనుకుని బయటివాళ్ళు పొరబడుతుంటారు గానీ ఇది మా బుచ్చిరెడ్డిపాళెం పక్కనుండే రిజర్వాయరు. అక్కణ్ణుంచి కాలువలు, వాటి నుంచి పిల్ల కాలువలు చీలి సముద్రం వైపు పోతాయి. అట్లాంటి ఒక పిల్ల కాలువ, దాని మీద ఏడు తూములు ఆయన చేతిలో ఉండేవి. మొదటి తూము మా ఊరి పైన. ఏడోది విడవలూరు వైపు, నడిస్తే రెండు గంటల దూరం.

తెల్లవారుజామున సైకిలు స్టాండు తీసిన చప్పుడుతోనే మాకు తెల్లవారేది. సెలవుల్లో నన్ను ముందు కడ్డీ మీద తువ్వాలు చుట్టి కూర్చోబెట్టుకునేవాడు. మొదటి తూము దగ్గర గేజీ రాయి ఉండేది, అడుగులూ అంగుళాలూ చెక్కిన రాయి. దాన్ని ఆయన చదివే తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. పంచె ఎగ్గట్టి మెట్లు దిగి, ముందు అరచేత్తో రాయి మీది నాచు తుడిచేవాడు. చెయ్యి పెట్టినందుకు నీళ్ళు కదులుతాయి కదా, ఆ కదలిక ఆగేదాకా ఊరికే నిలబడేవాడు. నీళ్ళు ఒకసారి గీత పైకి, ఒకసారి కిందికి ఊగుతుంటే మూడుసార్లు చూసి, మూడింటిలో తక్కువదే రాసుకునేవాడు.

"ఎక్కువది ఎందుకు రాయవు పెదనాయనా?" అని అడిగాను ఒకసారి.

"ఎక్కువ రాసుకుంటే కిందోళ్ళకు ఆశ పెట్టినోడినవుతా. తక్కువ రాసుకుంటే రోంత మిగిలినా మిగలనీ" అన్నాడు.

రాయడానికి కాపీయింగు పెన్సిలు వాడేవాడు. ములుకు నాలుక మీద తడిపి రాస్తే ఊదా రంగు పడేది, ఇంక చెరపడానికి వీలుండదు. పొద్దున ఆరుకొకసారి, సాయంత్రం ఆరుకొకసారి. మధ్యాహ్నానికి కూడా ఆయన నాలుక మీద ఆ ఊదా మచ్చ అట్లాగే ఉండేది. ముప్పై ఏళ్ళకు పైగా ఆయన ఆ రెండు లెక్కలూ తప్పలేదు. జ్వరమొస్తే పెద్దమ్మ వెళ్ళి చూసొచ్చేది.

*

జనవరి ఒకటో తేదీ అంటే మాకు రెండు నిమ్మకాయలు. గూడూరు నిమ్మకాయలు, పచ్చగా నున్నగా ఉండేవి. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని, నిమ్మకాయలు రెండూ చేతిలో పట్టుకుని ఓవర్సీరు గారి దగ్గరికి వెళ్ళి ఇచ్చి, నమస్కారం పెట్టి వచ్చేవాడు. అంతటితో ఆఫీసు కొత్త సంవత్సరం అయిపోయేది. ఇంటికొచ్చి చొక్కా విప్పి కొయ్యకు తగిలించి, పాత చొక్కా తొడుక్కుని, "రా పాపా, చివర దాకా పోదాం" అనేవాడు.

కృష్ణా, గుంటూరు వైపు వాళ్ళకు సంక్రాంతి అంటే పంట ఇంటికొచ్చిన పండగ. మా నెల్లూరులో అట్లా ఉండదు. మాకు వానలు అక్టోబరు, నవంబరులో వస్తాయి. నాట్లు డిసెంబరు దాకా సాగుతాయి. కోతలు మార్చి, ఏప్రిల్‌లో. అంటే జనవరికి మా కయ్యలన్నీ జానెడు పచ్చతో ఉంటాయి, గాదె అడుగంటి ఉంటుంది. సంక్రాంతి పొంగలి కూడా పాత బియ్యంతోనే. లోకమంతా కొత్తగా మొదలుపెట్టే రోజున మా పెదనాయన సగం పనిలో ఉండేవాడు. అందుకే కాబోలు, ఏదో కొత్తగా మొదలుపెట్టాలనే హడావుడి ఆయనలో నేనెప్పుడూ చూడలేదు. ఆ రోజు ఆయన చేసేదల్లా మొదటి తూము నుంచి ఏడో తూము దాకా నడవడం. మామూలు రోజుల్లో సైకిలు మీద పోయేవాడు, జనవరి ఒకటిన మాత్రం నడిచేవాడు. సైకిలు మీద పోతే గట్టులో ఎలుక బొక్కలు కనపడవట.

నిజంగానే వంగి వంగి చూసేవాడు. ఎండ్రకాయ బొక్క కనపడితే మడమతో తొక్కి, పారతో మట్టి వేసి, మళ్ళీ తొక్కేవాడు. గుర్రపుడెక్క తూముకు అడ్డంగా పేరుకుంటే కొక్కెం కర్రతో లాగి గట్టు మీద పడేసేవాడు. అది ఎండాక మేకలు కూడా తినవని నాకప్పుడే తెలిసింది. నాలుగో తూము దాటాక చింతచెట్టు కింద కూర్చుని పెద్దమ్మ కట్టిచ్చిన పులిబొంగరాలు తినేవాళ్ళం. చల్లారిపోయి గట్టిపడినా, ఎర్రకారం అద్దుకుని తింటుంటే ఆ రుచి వేరు. కొంగలు మాతోపాటే ఒక్కో గెనెం, అంటే పొలం గట్టు, దాటుకుంటూ వచ్చేవి.

ఏడో తూము కింద ఒక అవ్వకు ఎకరా ముప్పాతిక ఉండేది. అందరికంటే చివరి కయ్య అదే, ఆ తరువాత చవుడు, తాటిచెట్లు. పెదనాయన గట్టు మీద నిలబడి అడిగే మాట ఒక్కటే.

"అందినయ్యా అవ్వా?"

"అందినయి నాయనా" అంటే సరే. "ఏడ అందినయి" అంటే మాత్రం ఆ రాత్రి ఇంట్లో అన్నానికి ఉండేవాడు కాదు. చద్ది మూట, టార్చిలైటు తీసుకుని వెళ్ళి పై తూములన్నీ ఒక్కొక్కటే దించుకుంటూ, ఆ దారిలో ఎవరు మడవ తీసుకున్నారో చూసి కట్టేసుకుంటూ, నీళ్ళు ముందు చివరకు చేర్చేవాడు. తెల్లారాక కింది నుంచి పైకి ఒక్కో తూమూ ఎత్తుకుంటూ వచ్చేవాడు. పై వాళ్ళు తిట్టేవాళ్ళు. "పై కయ్యకు ఎట్టైనా అందతయ్యి, దాని ముందరే కాలవ పోతాంది. చివర కయ్యకే ఎవరో ఒకరు తెచ్చియ్యాల" అనేవాడు.

*

ఇప్పుడు తలుపు సంగతి.

నడవలోంచి చూస్తే ఎదురుగా వడ్ల గది తలుపు. పాతకాలం వేపచెక్క. జనవరి ఒకటి సాయంత్రం కాళ్ళు కడుక్కుని వచ్చి, బడి నుంచి నేను తెచ్చిన సుద్దముక్కతో ఆ తలుపు మీద ఒక్క మాట రాసేవాడు. పెద్ద పెద్ద అక్షరాలు, కొంచెం ఎడమకు ఒరిగి ఉండేవి. ఆ ఏడాది తను చెయ్యాలనుకున్న పని అదే. ఇంటికి ఎవరొచ్చినా కనపడేది. వడ్లు కొలవడానికొచ్చిన వాళ్ళు, మజ్జిగకొచ్చిన వాళ్ళు, అందరూ చదివేవాళ్ళు.

ఒక ఏడాది "చింతచెట్టు కింద కుండ" అని రాశాడు. ఎండాకాలం కాలువ పూడిక తీసే కూలీలకు మంచినీళ్ళు. మరో ఏడాది "ఆమె కళ్ళు". పెద్దమ్మకు శుక్లాల ఆపరేషన్ చేయించడం. ఇంకో ఏడాది "బీడీ".

బీడీ అని రాసిన ఏడాది ఊరంతా ఆయన్ను వదల్లేదు. "ఏం లస్కరూ, బీడీ ఎంతదాకా వచ్చింది?" అని గేజీ అడిగినట్టు అడిగేవాళ్ళు. ఆయన కోప్పడకుండా చెప్పేవాడు, "ఇయ్యాళ ఆరు" అని. కట్ట మొత్తం జేబులో పెట్టుకోకుండా, ఖాళీ అగ్గిపెట్టెలో ఆ రోజుకు తాగాల్సినవే లెక్కపెట్టి పెట్టుకునేవాడు. ఫాల్గుణంలో మూడుకు తెచ్చాడు. తరువాత కాలువ కట్టేశాక పని లేక మళ్ళీ కట్ట మొదలైంది. తలుపు మీద మాటను మాత్రం చెరపలేదు. మరుసటి జనవరి ఒకటిన నేను సుద్దముక్క తీసుకుపోయి ఇస్తే, "ఎందుకు పాపా, ఉండాదిగా" అన్నాడు. ఆయన పెట్టుకున్న నియమం అదొక్కటే. ఉన్న మాట తీరేదాకా దాని కింద ఇంకో మాట రాయకూడదు. తీరిన రోజున అరచెయ్యి చెంబులో తడిపి, గేజీ రాయి తుడిచినట్టే, తలుపు తుడిచేవాడు. బీడీ అనే మాట ఆ తలుపు మీద మూడేళ్ళుంది.

పెద్దమ్మదీ ఇట్లాంటి పద్ధతే, కాకపోతే ఆమెది రొట్టెల పండుగ దారి. మొహర్రం నెలలో నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. పన్నెండు మంది అమరుల సమాధులున్న చోటు. ఏ మతం వాళ్ళైనా వస్తారు. కోరిక తీరిన వాళ్ళు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్న వాళ్ళు పట్టుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఆరోగ్య రొట్టె అని ఎవరికి కావలసింది వాళ్ళు అడుగుతారు. నేను పదో తరగతికి వచ్చిన ఏడాది పెద్దమ్మ నన్ను తీసుకెళ్ళి మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబెట్టింది. చుట్టూ జనం, "చదువు రొట్టె ఎవురు తెచ్చిండారమ్మా" అని ఆమె గొంతు చించుకుని అడగడం, ఎవరో ముస్లిం అమ్మాయి నవ్వుతూ తన పళ్ళెంలోంచి తుంచి నా కొంగులో పెట్టడం... ఆ రొట్టె మీద చెరువు నీళ్ళ తడి ఉంది. పక్కన ఎవరో ఇల్లు రొట్టె కూడా ఇస్తామంటే పెద్దమ్మ వద్దంది. "ముందు ఇది తిరిగియ్యనీయమ్మా" అంది. పాసయ్యాక మరుసటి ఏడాది పళ్ళెం నిండా రొట్టెలు చేసుకుని వెళ్ళాం. పట్టుకున్న రోజు కంటే ఇచ్చిన రోజు పెద్దమ్మ మొహం వెలిగిపోయింది.

*

ఒక ఏడు వానలు సరిగ్గా లేవు. పెన్న ఇసుక పర్రగా ఉంది. నారు పోసే ముందే పెదనాయన ఇంటింటికీ తిరిగి చెప్పాడు, సగం కయ్యలే నాటుకోండి అని. తన రెండెకరాల్లో ఒక ఎకరాయే నాటాడు. రెండో ఎకరా దుక్కి చేసి ఉన్నా వదిలేశాడు. మా నాయన వినలేదు. మూడో తూము కింద మాకు మూడెకరాలుండేవి. "అన్న లస్కరుగా ఉండి నాకు నీళ్ళు రాకపోవడమేంది" అనే ధైర్యంతో మూడూ నాటాడు.

జనవరి చివరికల్లా కాలువలో మోకాలి లోతు లేదు. అప్పట్లో మా వైపు ఎక్కువగా వేసే మొలగొలుకులు ఆరు నెలల పంట, నీళ్ళు చివరి దాకా కావాలి. పైరు పొట్ట మీదుంది. ఆ సమయంలో ఒక రాత్రి మా నాయన మూడో తూము దగ్గరికి వెళ్ళి, రెండు గంటలు షట్టరు ఎత్తి ఉంచమని అన్నను అడిగాడు. ఆ రాత్రి వంతు ఏడో తూముది. పెదనాయన ఎత్తలేదు.

మా పంట సగం తాలు పోయింది. ఎకరాకు మూడు పుట్లు రావాల్సిన చోట ఒకటిన్నర రాలేదు. మా పుట్టి అంటే 850 కిలోలు, ఆ లెక్కన ఆ ఏడు మా ఇంటికి ఎంత తగ్గిందో వేసుకోండి. "సొంత తమ్ముడికి రెండు గంటల నీళ్ళియ్యనోడు అన్నేంది" అని మా నాయన ఆ ఇంటి గడప తొక్కడం మానేశాడు. నన్ను మాత్రం వెళ్ళొద్దనలేదు. నేను రెండిళ్ళ మధ్యా తిరుగుతూనే ఉన్నాను.

ఆ తరువాత వచ్చిన జనవరి ఒకటిన పెదనాయన తలుపు మీద "తమ్ముడు" అని రాశాడు.

నాకు ఎనిమిదేళ్ళు. ఆ మాట రోజూ చూసేదాన్ని. మా నాయనకు చెప్పాలా వద్దా అని ఎంత మథనపడ్డానో. చెప్పలేదు. ఊళ్ళో వాళ్ళు బీడీ గురించి అడిగినట్టు దీని గురించి అడగలేదు, చదివి తలవంచుకుని మజ్జిగ తాగి వెళ్ళేవాళ్ళు. ఆయన మాత్రం తన వంతు తను చేస్తూ పోయాడు. పండక్కి అరిసెలు నాతో పంపాడు, వెనక్కి వచ్చాయి. ఉగాదికి మళ్ళీ పంపాడు, వెనక్కి వచ్చాయి. మా గట్టు తెగితే రాత్రికి రాత్రి ఎవరో కట్టిపోయారు. ఎవరో మా నాయనకు తెలుసు. అయినా పలకలేదు. ఏడాది తిరిగింది. తలుపు మీద మాట మారలేదు.

1989 నవంబరులో కావలి దగ్గర తుఫాను తీరం దాటింది. ఆ రాత్రి గాలి ఊళ అన్నది నిజంగా విన్నాను. తాటిచెట్లు తల దగ్గర తిప్పి విరిచినట్టు విరిగాయి. తెల్లారేసరికి పెదనాయన ఇంటి ముందు సగం కప్పు లేదు. మా నాయన పార భుజాన వేసుకుని, నన్ను వెనక రమ్మని కూడా అనకుండా నడిచాడు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళాను.

నడవలోకి నేరుగా ఆకాశం కనపడుతోంది. పెద్దమ్మ తడిసిన వడ్లు చాటలతో తోడుతోంది. పెదనాయన కాలువ మీదికి పోయి ఇంకా రాలేదు. మా నాయన వడ్ల గది తలుపు ముందు నిలబడ్డాడు. వాన జల్లు కొట్టి సుద్ద సగం జారిపోయింది. "తమ్ము" వరకే మిగిలింది. ఆ రెండక్షరాలూ ఆయన ఎంతసేపు చూశాడో నేను చెప్పలేను. తరువాత పార పక్కన పెట్టి, పడిపోయిన వాసం ఒక కొస పట్టుకుని, రెండో కొస నన్ను పట్టుకోమన్నాడు. నాకెక్కడ లేస్తుంది? అప్పుడు వెనకనుంచి బురద కాళ్ళతో వచ్చి ఆ కొస ఎత్తింది పెదనాయన.

ఇద్దరూ మాట్లాడుకోలేదు. మధ్యాహ్నం దాకా వాసాలు మోశారు. పెద్దమ్మ మామిడొరుగులు వేసి చేపల పులుసు చేసింది. పక్కపక్కన కూర్చుని తిన్నారు. మా నాయన రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. చెయ్యి కడుక్కోవడానికి లేచినప్పుడు పెదనాయన, ఆ చెంబులోనే అరచెయ్యి తడుపుకుని వెళ్ళి తలుపు తుడిచాడు.

*

నేను హైదరాబాదులో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. జనవరి వస్తే ఆఫీసులో గోల్స్ షీట్ నింపమంటారు. ఇంటికొచ్చి నా కోసం ఇంకో జాబితా రాసుకుంటాను. పోయిన జనవరిలో పదకొండు రాశాను. బరువు తగ్గడం, ఇంగ్లీషు కోర్సు, సంగీతం, నెలకు రెండు పుస్తకాలు... ఫిబ్రవరికల్లా అన్నీ వాడిపోయాయి. సంవత్సరమంతా ఏదో బాకీ ఉన్నట్టు టెన్షన్.

ఈసారి ఆ నడవలో కూర్చుని, పెదనాయన నీళ్ళు లెక్కపెట్టినట్టు నా సాయంత్రాలు లెక్కపెట్టాను. వారానికి ఏడు. ఆఫీసు నుంచి వచ్చేసరికి ఎనిమిది దాటేవి మూడు. అమ్మాయిని ట్యూషన్‌కి తీసుకెళ్ళేవి రెండు. సరుకులు, చుట్టాలు, బట్టలు ఒకటి. మిగిలింది ఒకే ఒక్క సాయంత్రం, రోజూ పొద్దున ఒక అరగంట. అరగంట కూడా మూడు రోజులు చూసి తక్కువదే రాసుకున్నాను. నా రిజర్వాయరులో ఉన్నవి అవే. పెన్న మీది సోమశిల రిజర్వాయరు నిండితే 78 టీఎంసీలు, అయినా ఏటా అందులో ఎంతుందో చూశాకే ఎంత ఆయకట్టుకు ఇవ్వాలో మీటింగులో తేలుస్తారు. నేను మాత్రం నీళ్ళు చూడకుండా పదకొండెకరాలకు నారు పోశాను.

ఇంకొకటి కూడా అప్పుడే తట్టింది. నా రోజులో ఏడో తూము కింద ఉండేది మా అమ్మ. నెల్లూరులో తమ్ముడి దగ్గర ఉంటుంది. అన్నీ అయ్యాక చేద్దామని రాత్రికి పెట్టుకుంటాను ఫోను. అప్పటికి ఆమె పడుకుంటుంది. ఏ జనవరిలోనూ నేను అమ్మ పేరు జాబితాలో రాయలేదు, అది రాసుకోవాల్సిన విషయమని కూడా తోచలేదు. పొద్దున ఆ అరగంట ముందు అమ్మకే ఇవ్వాలని అక్కడ కూర్చునే నిర్ణయించుకున్నాను, ఆ తెల్లారే మొదలుపెట్టాను. "ఏమే, ఒంట్లో బాగలేదా, ఇంత పొద్దున్నే చేసినావు?" అని కంగారుపడింది.

*

పెదనాయన చివరి రోజుల్లో కూడా తలుపు మీద రాయడం మానలేదు. 2021 నవంబరులో పెన్నకు వరదొచ్చి పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయినప్పుడు, ఎనభై దాటిన మనిషి గొడుగేసుకుని గట్టు మీద కూర్చున్నాడట. 2022 సెప్టెంబరులో సంగం, నెల్లూరు బ్యారేజీలు రెండూ ప్రారంభమయ్యాక అన్నయ్యను పట్టుబట్టి సంగం తీసుకెళ్ళమన్నాడు. అక్కడ గేట్లు చూసి, "మీట నొక్కితే లేచ్చాయంట, మంచిదే. చివర దాకా ఎవురైనా పోయి చూస్తాండారా?" అని అడిగాడట.

అన్నయ్య తలుపు చూపించాడు. కింద మూల చెద తినేసింది. మధ్యలో తెల్లగా, ఎప్పటిలాగే ఎడమకు ఒరిగిన అక్షరాలు. "చివర దాకా".

"ఆ జనవరి ఒకటిన రాసినాడు" అన్నాడు అన్నయ్య. "మోకాళ్ళు పట్టేసినయ్యి. నేను వద్దన్నా. ఒకరోజు చేతికర్రతో ఒకటో తూము దాకా పోయొచ్చినాడు. ఇంకో నెలకు రెండోది. అట్టా అట్టా నాలుగో తూము చింతచెట్టు దాకా పోయినాడు. ఆడ కూసోని, ఆటోలో రమ్మంటే రాలా, మళ్ళా నడిచే వచ్చినాడు. తరవాత మంచం పట్టినాడు."

జనవరి ఒకటి పొద్దున అన్నయ్య ఆటోలో ఇద్దరం చింతచెట్టు దాకా పోయి దిగిపోయాం. అక్కణ్ణుంచి నడిచాం. అన్నయ్య చేతిలో పార ఉంది, ఎందుకు తెచ్చావని నేను అడగలేదు. దారిలో రెండు చోట్ల ఆగి బొక్కలు పూడ్చాడు. కయ్యల్లో ఇప్పుడు మొలగొలుకులు కనపడవు, ఎక్కువగా ఎన్నెల్లార్ 34449, నాలుగు నెలల పంట. పచ్చ మాత్రం అదే పచ్చ. ఆరో తూము షట్టరు తుప్పు పట్టి సగంలో ఆగిపోయి ఉంది. గుర్రపుడెక్క మాత్రం అప్పటి కంటే ఎక్కువైంది. ఒకచోట కాలువ కనపడకుండా కప్పేసింది, దాని కింద నీళ్ళు పోతున్న చప్పుడు వినపడుతోంది.

ఏడో తూము దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. అవ్వ ఎప్పుడో పోయింది. కయ్యలో ఆమె మనవడు కాబోలు, ముప్పై ఏళ్ళ అబ్బాయి, గెనెం మీద కూర్చుని యూరియా బస్తా మూతి విప్పుతున్నాడు. మమ్మల్ని చూసి ఎవరో ఆఫీసు వాళ్ళనుకున్నట్టుంది, లేచి నిలబడ్డాడు. గట్టు మీద నిలబడి నేను అడగబోయిన మాట వేరే. నోటికి వచ్చింది ఇది.

"అందినయ్యా?"

అతను ఒక క్షణం నా వంక చూసి, చీలమండ దాకా నీళ్ళున్న కయ్యలో కాలు పెట్టి చూపించాడు.

"అందినయి మేడమ్. రాత్రే వచ్చినయి."

సాయంత్రం కాళ్ళు కడుక్కుని నడవలోకి వచ్చాం. అన్నయ్య చెంబుతో నీళ్ళు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను అరచెయ్యి తడుపుకుని తలుపు తుడిచాను. సుద్ద కరిగి వేళ్ళ మధ్య తెల్లగా జారింది. చెక్క ఆరేదాకా ఇద్దరం అక్కడే కూర్చున్నాం.